వెండితెరపై తెలుగిల్లు

1950 ప్రాంతమున తెలుగు పల్లెలకు చలనచిత్రము గుడారములలో వచ్చెడిది. ఊరి వెలుపలి మైదానమున డేరా వేసి, ఒక్క ప్రొజెక్టరుతో బొమ్మ ఆడించు 'టూరింగు టాకీసులు' ఆనాడు తెలుగుదేశమున పెక్కుచోట్ల ఉండెడివి. పగటిపూట ఒక బండికి రంగుల బొమ్మలు కట్టి, డప్పు వాయించుచు, కరపత్రములు పంచుచు చుట్టుపట్ల ఊళ్ళన్నియు తిరిగెడివారు. ప్రొద్దు గ్రుంకగానే గుడారముపై కట్టిన మైకునుండి పాటలు వినవచ్చెడివి. ఆ పాటలు చెవిని పడగానే పొరుగు పల్లెలవారు ఎడ్లబండ్లు కట్టుకొని బయలుదేరెడివారు. ఒక్కొక్క బండిలో ముసలి అవ్వ మొదలు చంటిబిడ్డ వరకు ఇంటిల్లిపాదియు ఉండెడివారు. లోపల నేల, బెంచి, కుర్చీ యని తరగతులు; ఆడవారికి ఒక ప్రక్కగా ప్రత్యేకమైన చోటు.

ఈ ప్రేక్షకులను గూర్చి ఒక విషయము గమనింపవలసియున్నది. ఆ రోజులలో సినిమాకు పోవుట ఒంటరి వ్యక్తి చేయు పని కాదు. అది కుటుంబమంతయు కలసి చేయు ప్రయాణము. తాతయు మనుమడును, అత్తయు కోడలును, అన్నయు చెల్లెలును ఒకే కప్పు క్రింద కూర్చుండి ఒకే కథను చూచుచుండిరి. ఈ సంగతి చిత్రనిర్మాతలకు బాగుగ తెలియును. పెక్కు వేల రూపాయలు, ఒక్కొక్కప్పుడు లక్షలు వెచ్చించి తీసిన చిత్రము ఆ డబ్బును మరల తెచ్చిపెట్టవలెనన్న ఇంటివారందరును రావలెను. ఇంటివారందరును రావలెనన్న ఆ కథను స్త్రీలు మెచ్చవలెను. కావుననే ఆ కాలపు తెలుగు చిత్రములలో పెక్కింటికి ఇల్లే కథాస్థలమయ్యెను. పెండ్లి, కట్నము, అత్తాకోడండ్ర పోరు, తోడికోడండ్ర స్పర్ధ, అన్నదమ్ముల పంపకములు, సవతితల్లి పెట్టు బాధలు — ఇవియే కథావస్తువులు. పౌరాణిక చిత్రములును, కత్తియుద్ధములు గల జానపద చిత్రములును మిక్కుటముగా వచ్చినవి. వానిలోను ఇంటి ముచ్చట లేకపోలేదు.

చలనచిత్రము సంఘమునకు అద్దము వంటిదని చెప్పుట పరిపాటి. కాని అద్దము ఉన్న ముఖమును చూపి ఊరకుండును. ఆ ముఖము మంచిదో చెడ్డదో చెప్పదు. మంచి కుటుంబ చిత్రములు ఇంకొక అడుగు ముందునకు వేసినవి. ఇంటిలో మాట చెల్లని వ్యక్తికి, బలము లేని వ్యక్తికి న్యాయము జరుగుచున్నదా యని అవి అడిగినవి. ఆ ప్రశ్నను అవి ఎట్లు అడిగినవో, దానికి ఎంతవరకు సమాధానము చెప్పగలిగినవో కొన్ని చిత్రముల వలన తెలియగలదు.

తండ్రి మాట, ధర్మము మాట

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున తయారైన ఈ చిత్రము 1932లో విడుదలయ్యెను. ఆ కథ తెలియని తెలుగు బాలుడుండడు. తండ్రి సర్వాధికారి, కొడుకు పసివాడు. తండ్రి ఆజ్ఞ అధర్మమైనపుడు కొడుకు దానికి తలవంచడు. అయినను తండ్రిని దూషింపడు. పెద్దలయెడ భక్తి, ధర్మముయెడ నిష్ఠ — ఈ రెండింటికిని పొత్తు కుదరనపుడు ఏమి చేయవలెనను చిక్కు తెలుగు తెరకు పుట్టుకతోనే వచ్చినదని చెప్పవచ్చును.

తరువాతి కొన్ని సంవత్సరములు పౌరాణిక కథలదే పెత్తనము. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' చిత్రమును తీసి ఆ చిక్కును పురాణమునుండి ఊరి నడివీధికి తెచ్చిరి. చలముగారి కథకు తాపీ ధర్మారావుగారు వాడుకభాషలో సంభాషణలు వ్రాసిరి. సుందరరామశాస్త్రి ఆచారవంతుడు, ఊరిలో పెద్ద. ఆనాడు హరిజనులని వ్యవహరింపబడిన దళితులకు దేవాలయ ప్రవేశము కూడదని ఆయన పట్టుదల. ఆయన కుమారుడు నాగరాజు మాలపల్లెకు చెందిన శంపాలత యను కన్యను ప్రేమించును. ఇంటి గౌరవము పోయెనని తండ్రి కుమిలిపోవును. ఇట్లుండగా అగ్నిప్రమాదము సంభవించి, శాస్త్రిగారి భార్య మంటలలో చిక్కుకొనును. ఆమెను ప్రాణములకు తెగించి కాపాడినవాడు మాలపల్లె మనిషియే. తాకరాదని తాను ఎవరిని దూరముంచెనో వారి చేతులే తన యిల్లాలిని బ్రతికించెనని శాస్త్రిగారు గ్రహించును. ఆ గ్రహింపుతో ఆయన మనస్సు మారును.

ఈ కథలో తండ్రి దుర్మార్గుడు కాడు. తాను నమ్మినదానిని నిష్ఠతో పాటించువాడు. ఆ నమ్మిక తప్పని తెలిసినపుడు దానిని విడుచుటకు ఆయన సిగ్గుపడలేదు. పెద్దవాడై యుండియు మారగలిగినవాడే నిజమైన పెద్ద యని ఈ చిత్రము చూపినది. మరుసటి యేడు, 1939లో, మద్రాసు రాజధానిలో దేవాలయ ప్రవేశమును గూర్చిన శాసనము వచ్చినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగము అంటరానితనమును నిషేధించినది. చిత్రము వలననే శాసనములు వచ్చినవని అనరాదు. మహాత్మాగాంధీ హరిజనోద్యమము, అంబేద్కరు మహాశయుని పోరాటము, అనేకుల త్యాగము వానికి మూలము. ఐనను శాసనము చేరలేని చోటికి, అనగా ఇంటి లోపలికి, ఆ మాటను కథ మోసికొనిపోయెను.

వరుని వెల

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అను సామెత తెలుగువారిలో ఎల్లరు ఎరిగినదే. ఆడపిల్ల పెండ్లి తండ్రి నడుము విరుచుటకు ప్రధాన కారణము కట్నము. ఈ దురాచారముపై కాళ్ళకూరి నారాయణరావుగారు 'వరవిక్రయము' అను నాటకమును వ్రాసిరి. 1939లో సి. పుల్లయ్యగారి దర్శకత్వమున అది చలనచిత్రమయ్యెను. తరువాత పేరుపొందిన భానుమతి తొలిసారి తెరపై కనిపించినది ఈ చిత్రములోనే.

పురుషోత్తమరావు తన పెద్దకూతురు కాళింది పెండ్లికై భూమినమ్మి కట్నమిచ్చుటకు ఒప్పుకొనును. తన మూలమున కన్నవారు చితికిపోవుదురను దుఃఖముతో ఆమె ప్రాణములను కోల్పోవును. లోభియైన వరుని తండ్రి లింగరాజు తీసికొన్న సొమ్మును తిరిగి యీయడు. అప్పుడు చిన్నకూతురు కమల ఆ వరునినే వివాహమాడి, విచిత్రమైన వాదము లేవదీయును. డబ్బిచ్చి కొన్న వస్తువు కొన్నవారి ఇంటికి చేరవలెను గదా! వరుని కొన్నది తమ తండ్రి. కనుక వరుడే తమ ఇంటికి రావలెను. ఈ వాదము విని ప్రేక్షకులు నవ్విరి. కాని ఆ నవ్వు ఆగిన పిమ్మట, మనిషిని సంతలో పశువువలె బేరమాడుట ఎంత హీనమో వారికి బోధపడెను. అక్క మరణము కన్నీరు తెప్పించిన చోట చెల్లెలి తర్కము కన్నులు తెరిపించెను.

1952లో విజయా సంస్థ తీసిన 'పెళ్ళిచేసి చూడు' ఈ విషయమునే హాస్యముగా చెప్పెను. దీని దర్శకుడు ఎల్. వి. ప్రసాదుగారు. ఒప్పుకొన్న కట్నము చేతికి రాలేదని వరుని తండ్రి వియ్యన్న పెండ్లిపందిటినుండియే కొడుకును లాగుకొనిపోవును. కొడుకు తండ్రిని ఎదిరింపజాలడు, భార్యను విడువజాలడు. అందుచేత పిచ్చివానివలె నటించును. కోడలు నర్సు వేషమున ఆ ఇంటికే వచ్చి, సేవచేసి మామగారి మెప్పు పొందును. తాను వద్దని వెడలగొట్టిన కోడలే తనకు ప్రీతిపాత్రురాలైన నర్సు అని తెలిసినపుడు వియ్యన్నకు డబ్బుకంటె మనిషి గొప్పయని తెలియును.

ఈ రెండు చిత్రముల తరువాత, 1961లో, భారత పార్లమెంటు వరకట్న నిషేధ శాసనము చేసినది. కట్నము నిచ్చుటయు, పుచ్చుకొనుటయు ఆ శాసనము ప్రకారము నేరములు. ఐనను కట్నము నేటికిని మాయమై పోలేదు. 'కానుక' యనియు, 'లాంఛనము' అనియు పేరు మార్చుకొని అది పందిళ్ళలో తిరుగుచునే యున్నది. కమల వేసిన ప్రశ్నకు పని ఇంకను తీరలేదు.

తాళపుచెవులు ఎవరివి?

ఉమ్మడి కుటుంబము తెలుగువారి జీవితమున చిరకాలము ముఖ్యస్థానము వహించినది. అన్నదమ్ములు ఒకే ఇంట నుండుట, వంట ఒకటిగా నుండుట, సంపాదన ఒకచోట చేరుట దాని లక్షణములు. రోగము వచ్చినను, పంట పోయినను నలుగురు ఆదుకొనెడివారు. కాని అక్కడ సంపాదించు చేయి ఒకటి, ఖర్చుపెట్టు చేయి మరియొకటి యగుటచేత అనుమానమునకు చోటెక్కువ.

1957లో అన్నపూర్ణా సంస్థ తీసిన 'తోడికోడళ్ళు' ఈ అనుమానపు కథ. బెంగాలీ రచయిత శరత్‌చంద్రుని 'నిష్కృతి' దీనికి మూలము. ఆదుర్తి సుబ్బారావుగారు దర్శకులు. కుటుంబరావు వకీలు, ఇంటికి పెద్ద. ఆయన తమ్ముడు రమణయ్య, వరుసకు తమ్ముడైన సత్యము భార్యలతో ఆ ఇంటనే ఉందురు. సత్యము భార్య సుశీల అందరికంటె చిన్నకోడలు. ఐనను ఇంటి పెత్తనము ఆమెది. ఆమె నేర్పును చూచి పెద్దకోడలు అన్నపూర్ణ ఆ భారమును ఆమెకు అప్పగించినది. నడిమి కోడలు అనసూయకు ఇది కంటగింపగును. బయటివాని దుర్బోధలు తోడుపడి, అసూయ నిందగా మారును. నింద పంపకముగా మారును. సుశీల, సత్యము ఇల్లు విడిచి పల్లెకు పోయి, కష్టపడి బ్రతుకుదురు.

ఇంటి తాళపుచెవులు వయస్సును బట్టి గాక యోగ్యతను బట్టి చేతికి వచ్చుట ఈ కథలో విశేషము. పెద్దకోడలు తన అధికారమును చిన్నదానికి ఇచ్చి సంతోషింపగలిగినది. ఇల్లు కూలుటకు కారణము చిన్నకోడలి అధికారము కాదు. నిజము విచారింపకయే నిందను నమ్ముట. చివరకు పెద్దలు నిజము గ్రహించి, నిందపడినవారి పక్షమున నిలిచినపుడు ఇల్లు మరల ఇల్లగును. కలసియుండుట సుఖమని సామెత చెప్పుచున్నది. నిజమును విచారించు ఓపిక యున్న చోటనే ఆ సుఖము నిలుచునని ఈ చిత్రము చెప్పుచున్నది.

ఆ సంవత్సరముననే కె. వి. రెడ్డిగారు తీసిన 'మాయాబజారు' వెలువడెను. చూచుటకిది పౌరాణికము. ఐనను వ్యాస భారతమున ఈ శశిరేఖా పరిణయ కథ లేదు. జనశ్రుతిలో పెరిగిన కథ యిది. పాండవుల బంధువర్గపు కథయై యుండియు ఇందు పాండవులైదుగురు తెరపై కనబడరు. కనబడునది అచ్చమైన తెలుగిల్లు. బలరాముని కుమార్తె శశిరేఖను మేనత్త సుభద్ర కొడుకు అభిమన్యునికి ఇచ్చుటకు పెద్దలు చిన్ననాడే మాట ఇచ్చుకొందురు. పాండవులు జూదమున సర్వస్వమును కోల్పోగానే ఆ మాట బరువు తగ్గును. తల్లి రేవతికి దుర్యోధనుని సంపద కన్నులకు కట్టును. కలిమినాడు బంధువులు, లేమినాడు పరాయివారు!

ఘటోత్కచుడు మాయా శశిరేఖయై పెండ్లివారిని ముప్పుతిప్పలు పెట్టుచుండగా పిల్లలు పగలబడి నవ్వుదురు. విడిది మర్యాదలు, వియ్యాలవారి పట్టింపులు, వంటశాలలోని భక్ష్యములు, గోంగూర ప్రస్తావన — అన్నియు మన పెండ్లిండ్లలోనివే. ఆ నవ్వుల నడుమ చిత్రము ఒక మాటను గట్టిగా నాటును. చుట్టరికమునకు పరీక్ష కష్టకాలములోనే జరుగును. ఇచ్చిన మాట డబ్బు చూచి మారరాదు.

గుండమ్మ ఇంటిలో

1962లో కమలాకర కామేశ్వరరావుగారి దర్శకత్వమున 'గుండమ్మ కథ' వెలువడెను. ఎన్. టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు ఇరువురు నటించిన చిత్రమైనను, దానికి పేరు వచ్చినది గయ్యాళి పాత్రను ధరించిన సూర్యకాంతము పాత్ర వలన. తెలుగు కుటుంబ చిత్రములలో ఇంటి ఇల్లాలికి గల స్థానమును ఈ పేరే తెలుపుచున్నది.

గుండమ్మ సంపన్నురాలు. సవతికూతురు లక్ష్మిని పనిమనిషికంటె కనాకష్టముగ చూచును. కన్నకూతురు సరోజను గారాబముతో చెడగొట్టును. రామభద్రయ్య యను పెద్దమనిషి ఈ ఇరువురిని తన కోడండ్రుగా చేసికొనదలచును. ఆయన పెద్దకొడుకు గుండమ్మ ఇంట నౌకరుగా చేరి, ఆ ఇంటి వంటపనిలోను, పిండి రుబ్బుటలోను లక్ష్మికి తోడుపడి, ఆమెను వివాహమాడును. చిన్నకొడుకు సరోజను పెండ్లాడి, తాను పేదవాడనని చెప్పి, తోటపని చేయించి, శ్రమ విలువ తెలియజేయును. ఇంతలో గుండమ్మ ఇంట దుర్గమ్మ యను స్త్రీ తిష్ఠవేసి, గుండమ్మనే బాధింపసాగును. తాను లక్ష్మికి పెట్టిన బాధ ఎట్టిదో గుండమ్మకు అనుభవమునకు వచ్చును. ఆమెను ఆదుకొన్నది ఆ లక్ష్మియే.

ఈ కథలో ఇంటిలో అందరికంటె తక్కువగా చూడబడినది లక్ష్మి. ఆమెను ఎవరు ఎట్లు చూచుచున్నారను దానిని బట్టియే మిగిలిన పాత్రల మంచిచెడ్డలు ప్రేక్షకులకు తెలియుచుండును. ధనికుని కొడుకు పిండి రుబ్బుటవలన చిన్నవాడు కాలేదు. ధనము గల గుండమ్మ కఠినురాలగుటవలన పెద్దది కాలేదు. ఇంటిపని ఆడవారిదే యను భావము బలముగా నున్న ఆ రోజులలో, అందరు అభిమానించు కథానాయకుడు తెరపై పిండి రుబ్బుట చిన్న విషయము కాదు.

ఒక కథ, పలు భాషలు

ఇట్టి విలువలు తెలుగువారికి మాత్రమే చెందినవా? ఈ చిత్రముల మూలములను పరిశీలించినచో సమాధానము దొరకును. 'తోడికోడళ్ళు' బెంగాలీ నవలనుండి వచ్చినది. 'గుండమ్మ కథ'కు కన్నడ చిత్రము ఆధారము. అన్నాచెల్లెండ్ర అనురాగమును చూపిన 'రక్తసంబంధము' (1962) తమిళ చిత్రమునుండి వచ్చినది. 1955లో వెలువడిన 'మిస్సమ్మ' కథకు బెంగాలీ మూలము కలదు. ఆ కథనే విజయావారు తెలుగుతో పాటు తమిళమునను తీసిరి, 1957లో హిందీలోనికి కూడ వెళ్ళెను. ఆ కాలమున తెలుగు, తమిళ చిత్రములు ఎక్కువగా మద్రాసు నగరములోని స్టూడియోలలోనే తయారయ్యెడివి. ఒకే సెట్టులో ఉదయము ఒక భాష, సాయంకాలము మరియొక భాష వినబడుటయు కలదు. బెంగాలులోని వదినె, కర్ణాటకములోని సవతికూతురు, తమిళనాడులోని చెల్లెలు తెలుగువారికి పరాయివారుగా తోచలేదు. భాష వేరైనను ఇంటి కష్టసుఖములు ఒక్కటే యని భారతీయులు ఈ విధముగ చీకటి గుడారములలో తెలిసికొనిరి.

తెర చూపని మూలలు

మంచిని మెచ్చుకొనుటతో పాటు లోపమును గుర్తించుట విద్యార్థుల ధర్మము. ఈ చిత్రములలో ఇల్లు నిలుపు భారము మిక్కిలి తరచుగ స్త్రీ సహనముపైననే పడినది. మామగారు కోడలిని వెడలగొట్టినచో, ఆమెయే మరల వచ్చి సేవచేసి ఆయనను గెలువవలెను. సవతితల్లి బాధించినచో, ఆ సవతికూతురే తుదకు ఆమెను ఆదుకొనవలెను. బాధించినవాడు ముందుగా వచ్చి క్షమాపణ కోరుట అరుదు. సహనము గొప్ప గుణమే. కాని ఎల్లప్పుడును ఒక్కరే సహింపవలెనన్నచో దానిని ధర్మమనుట ఎట్లు?

చదువుకొన్న స్త్రీ విషయమునను తెర రెండు మాటలు పలికినది. 'మిస్సమ్మ'లోని మేరీ బి. ఏ. చదివిన యువతి, తండ్రి అప్పు తీర్చుటకై ఉద్యోగమునకు పోవును. ఆనాటి బాలికలకు ఆమె ఆదర్శముగా నిలిచినది. అదే కాలమున అనేక చిత్రములలో చదువుకొన్న పడుచు గర్వమునకు మారుపేరుగా చూపబడి, భర్త చేతిలో పాఠము నేర్చుకొనును. 'మిస్సమ్మ'లోను మరియొక చిక్కు కలదు. మేరీ క్రైస్తవురాలు, రావు హిందువు. మతములు వేరైనను మనసులు కలియునా యని కథ ఆసక్తి రేపును. కాని తుదకు మేరీ చిన్ననాడు తప్పిపోయిన హిందూ బాలిక యని తేలుటతో ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అవసరమే లేకపోయెను. 'మాలపిల్ల' చూపిన ధైర్యము తరువాతి చిత్రములన్నిటికిని అబ్బలేదు. పలు కుటుంబ చిత్రములు కలిగినవారి మేడలలోనే నడచినవి. గుడారములో నేలపై కూర్చుండి చూచినవారి ఇల్లు తెరపై అరుదుగనే కనబడినది.

ఇట్లుండగా, తెరపై సహనమూర్తులుగా నటించిన స్త్రీలు తెర వెనుక వేరొక త్రోవ తొక్కుట గమనింపదగినది. 'వరవిక్రయము'లో కాళిందిగా నటించిన భానుమతి 1953లో 'చండీరాణి' చిత్రమునకు తానే దర్శకత్వము వహించినది. ఆమె వ్రాసిన 'అత్తగారి కథలు' అత్తాకోడండ్ర సంబంధమును కన్నీటినుండి తప్పించి నవ్వులోనికి నడపినవి. లక్ష్మిగా, సుశీలగా, మేరీగా జనుల మనసులలో నిలిచిన సావిత్రి 1968లో 'చిన్నారి పాపలు' చిత్రమునకు దర్శకురాలయ్యెను. ఇతరులు వ్రాసిన ఇంటి కథలలో నటించినవారే ఇంటి కథ చెప్పుటకు పూనుకొనిరి.

దూరమైన ఇండ్లు

కాలము మారినది. చదువులకు, ఉద్యోగములకు తెలుగువారు పట్టణములకును, అటుపిమ్మట విదేశములకును తరలిరి. 1991లో క్రాంతికుమార్ దర్శకత్వమున వచ్చిన 'సీతారామయ్యగారి మనవరాలు' ఈ మార్పును చూపినది. తనకు నచ్చని పెండ్లి చేసికొన్న కొడుకుతో సీతారామయ్య మాటలాడుట మానును. కొడుకు అమెరికాకు పోవును. ఏండ్లు గడచిన పిదప మనుమరాలు సీత పల్లెకు వచ్చి, ఆ ఇంటి ముంగిటిలో నిలుచును. తండ్రి మరణించినాడను వార్తను ఆమె తన గుండెలోనే దాచుకొని తాతకు, నాయనమ్మకు సంతోషము పంచుచుండును. తాత పట్టుదల సడలునప్పటికి క్షమింపవలసిన కొడుకు లేడు.

సుందరరామశాస్త్రి మారెను, ఆయనకు కాలము చాలినది. వియ్యన్న మారెను, ఆయనకును చాలినది. సీతారామయ్య మనసు మారుటకు ఆలస్యమయ్యెను. ఇంటిలో జరిగిన తప్పును సరిదిద్దుటకు గడువు శాశ్వతముగా ఉండదని ఈ చిత్రము చూచిన పెద్దలు కండ్లు తుడుచుకొనుచు ఇండ్లకు పోయిరి.

నేడు గుడారములు లేవు. ఒకే ఇంటిలో తాత ఒక గదిలో దూరదర్శని చూచుచుండగా, మనుమడు వేరొక గదిలో చేతి ఫోనులో తనకు నచ్చిన బొమ్మను చూచుకొనుచున్నాడు. కథలకు కొదువ లేదు. కలసి చూచు వేళలు తగ్గినవి. కలసి చూచినపుడు కలుగు లాభమొకటి కలదు. 'పెళ్ళిచేసి చూడు'లో వియ్యన్నను చూచి కోడలు నవ్వినపుడు ప్రక్కన కూర్చున్న మామగారు ఆ నవ్వును వినెను. గుండమ్మ ఏడ్చినపుడు ఏ యింటి సవతితల్లియో తల వంచుకొనెను. ముఖాముఖిగా చెప్పజాలని మాటను ఇంటివారు కథచేత ఒకరికొకరు చెప్పుకొనిరి.

కావున పాత చిత్రము ఏదైనను ఇంట ఆడినపుడు విద్యార్థులు ఇంటి పెద్దలతో కలసి దానిని చూచుట మంచిది. చూచిన పిమ్మట, ఈ కథలో ఎవరికి అన్యాయము జరిగినది, దానిని ఎవరు సరిదిద్దవలసియుండెను, సరిదిద్దినవారెవరు అని వారిని అడుగవలెను. అవ్వ ఒక సమాధానము చెప్పును, అమ్మ మరియొకటి చెప్పును. ఆ రెండింటికిని గల భేదములో ఆ యింటి చరిత్రయే దాగియుండును. ఆ సంభాషణ ముగిసిన తరువాత, తమ ఇంటిలో అందరు భుజించిన పిదప భుజించువారెవరో, అందరికంటె తక్కువగా మాటలాడువారెవరో ఒకసారి చూచుట బాలబాలికలకు కష్టమైన పని కాదు.